పసివాళ్లకు మీరు, పెద్దవాళ్లకు నువ్వు

మా మేనత్త ఐదేళ్లలోపు వాళ్లందరినీ ‘మీరు’ అంటుంది, ఐదేళ్లు దాటినవాళ్లందరినీ ‘నువ్వు’ అంటుంది. ఆవిడ వ్యాకరణం అంతే. పొత్తిళ్లలోని పసిగుడ్డుకు “పాపగారూ, తమరు చొంగ కారుస్తున్నారు” అని వినయంగా మనవి చేసి, ఆ పాపను చూడడానికి వచ్చిన బ్యాంకు మేనేజరుతో “ఏమయ్యా, చేతులు కడుక్కున్నావా?” అంటుంది.

మా నాన్న ఆవిడకు తమ్ముడు. “అది గారు కాదక్కా, గారం. పిల్లల్ని పాడుచేస్తున్నావు” అంటాడు.

“నువ్వూరుకోరా. నిన్ను పాడుచెయ్యడానికి అప్పట్లో నాకు తీరిక దొరకలేదు” అంటుంది అత్తయ్య.

నేను సాహిత్యంలో ఎం.ఏ. చేశాను. తెలుగు సంబోధనల మీద పెద్ద వ్యాసం రాసి, అత్తయ్య అలవాటుకు అందులో రకరకాల సిద్ధాంతాలు తగిలించాను. ప్రొఫెసరు మెచ్చుకున్నారు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివింది.

“ఇది ఎవరి గురించే?”

“నీ గురించే అత్తయ్యా.”

“అవునా! ఎవరో పాపం, పెద్ద జబ్బుతో ఉందనుకున్నాను.”

పిల్లల ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాక, అత్తయ్య మునిసిపల్ ఆఫీసు మేడమీది గదిలో ప్రతి శనివారం కొత్త తల్లిదండ్రులకు క్లాసు చెబుతోంది. ఫీజు లేదు. గదీ కరెంటూ మునిసిపాలిటీవి. నేను సహాయకురాలిని. మనుషులతో మాట్లాడనక్కర్లేని పని ఒక్కటే నాకు చేతనవును కనుక, స్నానం చేయించడం చూపించే గుడ్డబొమ్మను పట్టుకుని నిలబడతాను. మా ఇద్దరిలో బొమ్మే కాస్త చురుగ్గా కనిపిస్తుందని నాన్న అభిప్రాయం.

క్లాసుకు ఒక లారీ డ్రైవరు వచ్చేవాడు. భారీ మనిషి. అతని కొడుకు అరచేతిలో పట్టేంత ఉండి, గొంతు మాత్రం లారీ హారన్ అంత పెంచాడు. మొదటి రోజే తండ్రి “ఒరేయ్, నోర్ముయ్!” అన్నాడు.

“ఎవరిని పట్టుకుని ఒరేయ్ అంటున్నావయ్యా? బాబుగారిని అడుగు. ఆకలా అండీ, నిద్రా అండీ, గుడ్డ తడిసిందా అండీ అని.”

“వీడికి అండీ ఏంటమ్మా? పుట్టి నెల కూడా కాలేదు.”

“అందుకే మరి. ఊరికి కొత్త మనిషి. ఆమాత్రం మర్యాద చెయ్యవా?”

డ్రైవరు అటూ ఇటూ చూసి, పళ్ల సందులోంచి, “బాబుగారూ, తడిసిందా అండీ?” అన్నాడు. గది గదంతా ఘొల్లుమంది. నిజంగానే తడిసింది.

ఇలా ఉండగా మునిసిపాలిటీకి ఆ గది కావలసివచ్చింది, విరిగిన కుర్చీలు పడేసుకోవడానికి. “పిల్లల్ని పెంచడం కూడా జనం డబ్బుతో నేర్పాలా? మా అమ్మ ఏ క్లాసుకెళ్లిందండీ?” అన్నారట చైర్మన్. క్లాసు కావాలనేవాళ్లు సమావేశానికి వచ్చి చెప్పుకోవాలి. చెప్పలేకపోతే క్లాసు లేనట్టే.

“నువ్వే మాట్లాడవే” అంది అత్తయ్య నాతో.

“నేనా? నువ్వుండగానా?”

“నేను మాట్లాడితే ఆయన్ని నువ్వంటాను. గది పోతుంది.”

కాదనలేకపోయాను. కూర్చుని ‘శైశవ సంరక్షణలో సామాజిక బాధ్యత: ఒక పరామర్శ’ అని ప్రసంగం రాశాను. నాన్న శీర్షిక చూసి కంగారుగా “పరామర్శా? ఎవరు పోయారే?” అన్నాడు.

పోయింది నా గొంతు. సమావేశంలో మైకు ముందు నిలబడేసరికి కాగితంలోని అక్షరాలన్నీ చీమల్లా పాకాయి. చైర్మన్ ముఖం చిట్లించి, కాళ్లు ఆడించడం మొదలుపెట్టారు. ఆ లక్షణాలు నాకు క్లాసులో బాగా తెలిసినవే. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది.

“చైర్మన్ గారూ, ఆకలా అండీ? నిద్రా అండీ? గుడ్డ...”

అక్కడ ఆగాను. ఆగినా లాభం లేకపోయింది. మిగతాది వెనక వరసల్లోని తల్లులు పూర్తిచేశారు. కుర్చీ కిందికి దూరదామని చూశాను. మునిసిపాలిటీ కుర్చీ, అదీ ఊగుతోంది.

అప్పుడు లారీ డ్రైవరు లేచాడు.

“నవ్వింది చాలండీ. సార్, మా నాన్న నన్ను బెల్టుతో పెంచాడు. నాకూ అదే వచ్చు. మొన్న మా ఆవిడ పనికెళ్లింది. మావాడు ఒకటే ఏడుపు. పాలు పట్టినా ఆగడు, ఎత్తుకున్నా ఆగడు. చెయ్యెత్తేశాను. ఒరేయ్ అనబోతే, ఇక్కడి అలవాటు కదా, బాబుగారూ అని వచ్చింది. ఇంక చెయ్యి దిగలేదు సార్. గారూ అన్నాక ఎలా కొడతాం? నవ్వొచ్చేసింది. వాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టి గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి నా ఏడుపాగింది. తర్వాత వాడిదీ ఆగింది.”

చైర్మన్ కాళ్లు ఆడించడం ఆపారు.

మెట్లు దిగుతూ అడిగాను. “అందుకా అత్తయ్యా, ఈ గారు?”

“పిల్లాడు మంచం మీంచి పడ్డాడని ఆసుపత్రికి ఎత్తుకొచ్చేవాళ్లే. కట్టు కట్టేది నేను కదా, మంచం దెబ్బేదో మనిషి దెబ్బేదో తెలీదా? వాళ్లేం రాక్షసులు కాదు. నిద్రలేనివాళ్లు, చెప్పే దిక్కులేనివాళ్లు. మొదట్లో తిట్టేదాన్ని. తిడితే మళ్లీ వచ్చేవాళ్లు కాదు. ఇలాగైతే నన్ను చూసి నవ్వుకుంటారు, నవ్వుకోవడానికైనా వస్తారు.”

నా సిద్ధాంతాల్లో ఇది లేదు.

మునిసిపాలిటీ వారు గదిని మాకే ఉంచారు. విరిగిన కుర్చీలను కూడా అందులోనే ఉంచారు. తర్వాతి శనివారం ఆ కుర్చీల గుట్ట పక్కనే అందరం నేలమీద సర్దుకుని కూర్చున్నాం. క్లాసు సగంలో ఉండగా చైర్మన్ వచ్చారు. భుజం మీద ఒక పసిపాప కేరుకేరుమంటోంది.

“కుర్చీలు ఎలా ఉన్నాయో చూసిపోదామని వచ్చాను” అన్నారాయన.

“చూసుకో నాయనా. ఈ పాపగారెవరు?”

“మా మనవరాలు. ఊరికే, నాతోపాటు...”

ఆయన కుర్చీలకేసి ఒకసారి చూశారు. పాప ఇంకో స్థాయి పెంచింది. ఆయన మెల్లగా అత్తయ్య దగ్గరకు జరిగి, మేమెవరమూ వినకూడదన్నట్టు వంగారు.

“అన్నీ చూశామమ్మా. ఆకలి కాదు, నిద్ర కాదు, తడవనూ లేదు. అయినా పొద్దుట్నుంచీ...” చెవులు ఎర్రబడగా గొంతు ఇంకాస్త తగ్గించారు. “ఏడుస్తూనే ఉన్నారు.”