బొరుసు పడ్డ రోజు

నాగర్‌కర్నూల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. మా ఇల్లు గద్వాలలో. సోమవారం పొద్దున బస్సెక్కి వచ్చి, శనివారం సాయంత్రం తిరిగి వెళ్తాను. సంభావ్యత పాఠం మొదలుపెట్టే ముందు ఏటా పిల్లలకు ఒక పని ఇచ్చేదాన్ని. ఇంటికి వెళ్లి రూపాయి బిళ్ళను రెండువందల సార్లు ఎగరేసి, బొమ్మ పడిందో బొరుసు పడిందో వరసగా రాసుకురావాలి. బద్ధకించిన వాళ్లు ఎగరేయకుండానే కూర్చుని రాసేస్తారు. ఎవరు నిజంగా ఎగరేశారో, ఎవరు ఊహించి రాశారో కాగితం చూసి చాలావరకు చెప్పేసేదాన్ని. ఊహించి రాసేవాళ్లకు వరసగా ఆరేడు బొమ్మలు రాయడానికి చెయ్యి రాదు. మూడు రాయగానే మధ్యలో ఒక బొరుసు పెట్టేస్తారు. నిజం బిళ్ళకు ఆ మొహమాటం ఉండదు. పిల్లలు ఇదేదో ఇంద్రజాలమన్నట్టు చూసేవారు. నాకూ లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

కొన్నేళ్ల క్రితం, తిమ్మాజిపేట దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి తన కాగితం ఇచ్చింది. ముందు బెంచీలో కూర్చుని, తక్కువ మాట్లాడే పిల్ల. కాగితం నిండా బొమ్మలే. పేజీకి ఒకటో రెండో బొరుసులు, అవీ లేకుంటే బాగుండదని పెట్టినట్టున్నాయి.

“ఊహించి రాయడానికి కూడా ఓపిక లేకపోయిందా?” అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఆమె నవ్వలేదు. “అబద్ధం రాయలే మేడం. అమ్మ ఎగరేసింది, నేను రాసుకున్న. మా అమ్మకు గట్లనే పడ్తది.”

నేను వదిలేయాల్సింది. కానీ పాఠం చెప్పడానికి మంచి అవకాశం దొరికిందనుకున్నాను. బిళ్ళకు అదృష్టం, దురదృష్టం ఏమీ ఉండవని చెప్పాను. బొటనవేలు ఎంత బలంగా కొట్టింది, ఎంత ఎత్తు లేచింది, ఎన్ని చుట్లు తిరిగింది అన్నవి తెలిస్తే ఏది పడుతుందో ముందే చెప్పొచ్చు. ఒకే చెయ్యి ఒకేలా ఎగరేస్తే ఒకటే పడుతుంది. అవేవీ మనకు తెలియవు కాబట్టి దాన్ని యాదృచ్ఛికం అంటున్నామని ముగించాను.

క్లాసు అయ్యాక అందరూ వెళ్లారు. ఆమె మాత్రం బెంచీ దగ్గరే నిలబడింది.

“అంటే మా అమ్మ ఎగరేస్తే బొమ్మ పడాల్సిందేనా మేడం?”

“ఆమె చెయ్యి అంత స్థిరంగా ఉంటే, దాదాపు అంతే.”

ఆమె ముఖంలో రంగు పోయింది. మెల్లగా చెప్పింది. వాళ్లింట్లో ఏ తగువొచ్చినా అమ్మ బిళ్ళ ఎగరేస్తుందట. నాయిన పూనాకు బిల్డింగ్ పనికి పోవాలా వద్దా అన్నదీ అట్లాగే తేలింది. పోవద్దని అమ్మ, పోతానని నాయిన. నాయిన బొమ్మ అడిగాడు, బొమ్మ పడింది. అక్కడ స్లాబుకు కట్టిన సెంట్రింగ్ కూలిపోయి చనిపోయాడు. అప్పటికి ఆమె ఇంటర్ చదువుతోంది.

“ఇన్ని దినాలు అది నసీబు, మా తలరాత అనుకున్న మేడం. మరి మా నాయినను పంపింది ఎవరు?”

వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తానని అన్నాను. ఎందుకు అన్నానో అప్పుడు నాకే తెలియదు.

ఆ శనివారం గద్వాల పోకుండా ఆగిపోయి, మర్నాడు మధ్యాహ్నం వాళ్ల ఊరు వెళ్లాను. ఎండకు వీధిలో ఒక్క మనిషి లేడు. రెండు గదుల రేకుల ఇల్లు. వాళ్లమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. నలభై దాటని మనిషి. చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నాకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

“బిళ్ళ చూసేటందుకు వచ్చిండ్రంట గద మేడం,” అంది. కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసింది.

బొటనవేలి గోటితో టింగుమని కొట్టి, అరచేతిలో పట్టుకుని తెరిచింది. బొమ్మ. మళ్లీ బొమ్మ. మళ్లీ. బిళ్ళ ప్రతిసారీ ఒకే ఎత్తు లేచేది, ఒకే శబ్దం చేసేది. పది దాటాక లెక్కపెట్టడం మానేశాను. ఆమె బిళ్ళ వైపు చూడడం లేదని అప్పుడు గమనించాను. నా ముఖం వైపు చూస్తోంది. చెయ్యి తెరిచినప్పుడు కూడా ఒక్కసారి కిందికి చూడలేదు. అంత ఎండలోనూ నా చేతుల మీద రోమాలు లేచాయి.

“మీ ఆయన ఎప్పుడూ బొమ్మే అడిగేవారా అమ్మా?” అన్నాను.

“ఎప్పుడూ గదే.”

“మరి మీకు తెలుసా, మీ చేతిలో బొమ్మే పడుతుందని?”

“ఎర్కనే. చిన్నప్పటి సంది ఎర్క. ఆయనకు గూడ ఎర్కనే. ఒకరికొకరం చెప్పుకోలే. ఆయనకు పోవాల్నని ఉండె, నన్ను కాదని పోను మనసొప్పలే. పోవద్దని నేను గట్టిగ పట్టుకోలేకపోయిన. బిళ్ళ మీద ఏసినం.”

అమ్మాయి తల్లి వైపే చూస్తోంది. ఈ మాట ఆమె కూడా మొదటిసారి వింటోందని అర్థమైంది.

లేచి వెళ్దామనుకున్నాను. కానీ ఆమె చెప్పడం ఆపలేదు.

“ఉత్తగ ఎగరేస్తే అప్పుడప్పుడు తప్పుతది గని, మాట మీద ఏసినప్పుడు ఒక్కపారే తప్పింది మేడం. అక్కడికి పోయి నాలుగు నెలలైనంక ఫోన్ చేసిండు. బతుకమ్మ పండుగకు మనూరోళ్ళు కొందరు ఎల్లుండి బయలెల్తుండ్రు, నేను గూడ రావాల్నా, ఈ స్లాబ్ పని అయినంక రావాల్నా అని అడిగిండు. నువ్వే చెప్పు అన్న. కాదు, బిళ్ళ ఎగరెయ్, బొమ్మ పడితే వస్త అన్నడు. రావాల్నని ఆయనకే ఉన్నదని నాకు సమజైంది. నవ్వుకుంట ఎగరేసిన.”

ఆమె బిళ్ళను మా ఇద్దరి మధ్య కింద పెట్టింది.

“చేతిల పడలే. జారి గచ్చు మీద పడి గిర్రున తిరిగింది. బొరుసు.”

ఆమె వేలితో బిళ్ళను తిప్పి బొరుసు పైకి పెట్టింది.

“బొమ్మ పడ్డదని చెప్తే అయిపోతుండె. ఫోన్ల ఆయనకేం కనపడ్తది? కానీ మాకు ఒక మాట ఉండె, ఏది పడితే గదే చెప్పాల్నని. బొరుసు అన్న. ఆయన జరసేపు మాట్లాడలే. గట్లనా, అన్నడు. సరే, స్లాబ్ అయినంకనే వస్త అన్నడు. నాలుగో దినం కబురొచ్చింది.”

తర్వాత నన్ను సూటిగా అడిగింది. “మీరు లెక్కలు చదివిండ్రు గద. గా ఒక్క దినం ఎందుకు తప్పింది మేడం?”

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అడిగింది. “అప్పుడు ఫోన్ ఎక్కడ పట్టుకున్నవు అమ్మా?”

“ఒక చేతికి జొన్నపిండి ఉండె. ఇంగో చేత్తోని ఎగరెయ్యాలె గద. భుజానికి చెవికి నడుమ పెట్టుకొని, మెడ వంచి ఎగరేసిన.”

అమ్మాయి నా వైపు చూసింది. మెడ వంగితే భుజం లేస్తుంది, భుజం లేస్తే చెయ్యి కదులుతుంది. క్లాసులో నేను చెప్పిన పాఠమే అది. ఆమెకూ తట్టింది, నాకూ తట్టింది. వాళ్లమ్మ మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూస్తోంది.

“నాకు తెల్వదమ్మా,” అన్నాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ రోజు నిజంగా ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ లెక్కకట్టలేరు.

ఆమె తలూపి బిళ్ళను మళ్లీ కొంగున ముడేసుకుంది.

అమ్మాయి బస్సు దాకా తోడొచ్చింది. సగం దారిలో అంది, “ఫోన్ సంగతి అమ్మకు ఎన్నడూ చెప్పకుండ్రి మేడం. నసీబు అనుకుంటేనే మంచిగుంటది.”

“చెప్పను.”

“మీరు గూడ అదే అనుకుంటున్నరు గద? మెడ వంచినందుకే అని?”

“అనుకుంటున్నా. కానీ అంతటితో ఆగడం లేదు. మీ అమ్మ అప్పుడే పిండి ఎందుకు కలుపుతోంది, మీ నాయిన ఆ వేళకే ఫోన్ ఎందుకు చేశాడు అని వెనక్కి పోతూనే ఉన్నా. ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.”

బస్సు రాగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

కిటికీ పక్కన కూర్చుని దారంతా అదే ఆలోచించాను. అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటే, ఆ మనిషి చావు ఆయన పుట్టకముందే ఖాయమైంది. ఏదీ ముందే నిర్ణయం కాకపోతే, ఆ గచ్చు మీద బిళ్ళ ఏ కారణమూ లేకుండా ఒక ఇంటిని మింగింది. ఇన్నేళ్లుగా ఈ రెండు మాటల్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి, నవ్వుతూ వివరించాను. ఆ రోజు మాత్రం రెండిట్లో ఏది నిజమైనా భయమే వేసింది. అంతకన్నా ఎక్కువగా నన్ను వెంటాడింది, ఫోన్‌లో ఆయన మాట్లాడకుండా ఉన్న ఆ కొద్దిసేపు. బొమ్మే పడుతుందని తెలిసి అడిగిన మనిషి, బొరుసు అన్న మాట విని ఏమనుకుని ఉంటాడు? రావద్దని ఆమే అంటోంది అనుకున్నాడేమో. ఈ మాట నేను ఆ అమ్మాయితో కూడా అనలేదు.

మరుసటి ఏడు నుంచి పిల్లలకు ఆ పని ఇవ్వడం మానేశాను. పుస్తకంలోని లెక్కలతోనే పాఠం మొదలుపెడుతున్నాను. ఆ అమ్మాయి మంచి మార్కులతో డిగ్రీ పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. స్టాటిస్టిక్సే తీసుకుంది. ఎందుకు తీసుకున్నావని నేను అడగలేదు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. అమ్మ బాగుందా అంటే, బాగుంది మేడం, కూలికి పోతుంది అంటుంది. తర్వాత ఆమె పరీక్షల గురించి మాట్లాడుకుంటాం.