గడప కింది దుంగ

2022 అక్టోబరు 8, శనివారం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉదయం 6:10కి బయలుదేరి, 214 మైళ్లు ప్రయాణించి, 9:50కి ఉత్తర మిషిగన్‌లో ఒక సరస్సు ఒడ్డున ఉన్న క్యాబిన్‌కు చేరుకున్నాను. ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై రెండు అడుగుల వెడల్పు. గోడలు పైన్ దుంగలవి. స్ట్రక్చరల్ ఇంజనీరుగా నేను జవాబు రాయవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఇల్లు నిలుస్తుందా?

దాన్ని కొన్నది కార్ల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన పరంధామయ్యగారు. ఆయన తర్వాత కూతురు చూసుకుంది, ఇప్పుడు మనవరాలు మాయ చూసుకుంటోంది. తలుపు వైపు గోడ ఒకటిన్నర అంగుళాలు కుంగింది. మరమ్మతు కుదరదని నేను రాస్తే అమ్మకానికి పెట్టడానికి మాయ మేనమామ సిద్ధంగా ఉన్నాడు. కొనేవాళ్లకు కావలసింది సరస్సు ఒడ్డే, ఇంటిని పడగొట్టేస్తారు. మాయ తన అమ్మమ్మ, పరంధామయ్యగారి భార్య కామేశ్వరమ్మగారిని కూడా వెంట తెచ్చింది.

పునాది మీద ఆనే అట్టడుగు దుంగను సిల్ లాగ్ అంటాం. గోడ బరువంతా దాని మీదే. చెక్కలో తేమ శాతాన్ని కొలిచే మాయిశ్చర్ మీటర్ మూడు వైపులా 13, 14 చూపింది. తలుపు కింద 36. అక్కడ దబ్బనం గుచ్చితే పిడి దాకా దిగింది. పైకప్పు కారడం లేదు, చెదలు లేవు. ఒక్క గడప దగ్గరే ఎందుకు చివికినట్టు? గడపకు పసుపు రంగు, ఎర్రచుక్కలు ఉన్నాయి.

“ఇక్కడ నీళ్లేమైనా పోస్తారా అమ్మమ్మగారూ?”

“పోయకపోతే? గడప కడగని కొంప ఉంటుందా? వేసవంతా ఇక్కడే ఉండేవాళ్లం. శుక్రవారం శుక్రవారం బకెట్ నీళ్లతో కడిగి పసుపు రాసేదాన్ని.” అంతలోనే ఆమె ముఖం వాడిపోయింది. “అయితే నేనే కూల్చానా, అమ్మాయ్?”

“అమ్మమ్మా, స్టాప్! ఆంటీ అలా చెప్పలేదు,” అంది మాయ. నా వైపు తిరిగి, “అమ్మమ్మ ఫాల్ట్ కాదు కదా, ఆంటీ?”

చాకుతో గడప అంచు చెక్కి చూశాను. అది పసుపు కాదు, ఎనామెల్ పెయింట్. పొర మీద పొర, పద్నాలుగు.

“ఈ పెయింట్ ఎవరు వేశారు?”

“ఆయనే. నా నడుం నొప్పి చూడలేక. ‘ఇక వంగి పసుపు రాయక్కర్లేదు కామేశ్వరీ, పర్మనెంట్ సొల్యూషన్’ అన్నారు. ఏటా ఒక కోటింగ్. ఆయన పోయాక మా అమ్మాయి వేసింది, తర్వాత ఇది.”

“మరి కడగడం మానేశారా?”

“పెయింటైతే మాత్రం కడగొద్దూ?”

కారణం దొరికింది. ఉత్త చెక్క మీద పోసిన నీళ్లు వేసవి గాలికి ఆరిపోయేవి. సందుల్లోంచి లోపలికి దిగిన నీటిని పెయింట్ బయటకు పోనివ్వలేదు. ఆ సంగతే వివరించాను.

ఆమె నవ్వారు. “అయితే నీళ్లు నావి, మూత ఆయనది. ఆయనా ఇంజనీరే కదమ్మా!”

“టాప్ కోట్ నాది,” అంది మాయ.

మిగతా దుంగలు గట్టిగా ఉన్నందున మరమ్మతు సాధ్యమని రాశాను. మరుసటి ఏడాది మే నెలలో హైడ్రాలిక్ జాక్‌లతో గోడను రోజుకు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున లేపి, చివికిన భాగాన్ని కోసి, వైట్ ఓక్ దూలం అమర్చాం. గడపను మాత్రం విడి పలకగా చేయించాను. ఊడదీసి బయట కడిగి, ఆరాక మళ్లీ పెట్టుకోవచ్చు.

“ఇక శుక్రవారం గడపని కూడా స్నానానికి తీసుకెళ్లాలన్నమాట,” అన్నారు కామేశ్వరమ్మగారు.

అంతకుముందు ఏ ఇంటికి వెళ్లినా వాన నీరు ఎటు పోతుందని అడిగేదాన్ని. ఇప్పుడు ఇంట్లోవాళ్లు నీళ్లు ఎక్కడ పోస్తారో, ఎందుకు పోస్తారో కూడా అడుగుతున్నాను.

ఖర్చు 9,850 డాలర్లు. సగం మేనమామ పెట్టుకున్నాడు. పోయినవి ఏడడుగుల నాలుగంగుళాల దుంగ, పద్నాలుగు పొరల పెయింట్. అడుగున ఉన్న తొమ్మిది పొరలు పరంధామయ్యగారు వేసినవి. కోస్తుంటే చెక్కతో పాటే పొడి అయిపోయాయి. దాచుకోవడానికి ఒక్క పెచ్చు కూడా మిగల్లేదు.