బ్రేక్‌వాన్ నుంచి వెనక్కి నడిచిన దూరం

2007 మే నెలలో నేను రాయ్‌పూర్‌లో గూడ్సు గార్డుగా పనిచేస్తున్నాను. గార్డు ఉండేది రైలు చిట్టచివర, బ్రేక్‌వాన్ అనే రేకు పెట్టెలో. డ్రైవరు, అతని అసిస్టెంటు ఇంజన్లో ఉంటారు. మధ్యలో అర కిలోమీటరు పైచిలుకు వ్యాగన్లు. మాట్లాడుకోవడానికి వాకీటాకీ ఒక్కటే ఆధారం. ఆ వేసవిలో బ్రేక్‌వాన్ రేకు మీద దోసె పోసుకుని తిన్నానని, సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో చెబితే సగంమంది నమ్మారు. మిగతావాళ్ళు చట్నీ ఏదని అడిగారు. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం చట్నీ లేదు.

అప్పటికి నా భార్య పోయి రెండేళ్ళు. క్వార్టర్లో ఒక్కణ్ణే. ఆదివారం చర్చిలో అందరితో కలిసి హిందీలో పాడి, ప్రార్థన మాత్రం తెలుగులో లోలోపల చేసుకునేవాణ్ణి. అక్కణ్ణుంచి నేరుగా సింహాచలం బాబాయి ఇంటికి పోయేవాణ్ణి. ఆయన పలాస మనిషి, సీనియర్ డ్రైవరు. నాకు చుట్టం కాదు. ఆ ఊళ్ళో నన్ను అన్నం తిన్నావా అని తెలుగులో అడిగే ఇల్లు అదొక్కటే. నా ప్రార్థనల మీద ఆయనకు మహా వేళాకోళం. నన్ను పాస్టరని పిలిచేవాడు.

ఆ రోజు బండికి డ్రైవరు ఆయనే. ఖాళీ బొగ్గు వ్యాగన్లతో తిల్దా స్టేషను దాటాం. మధ్యాహ్నం. ఒక మలుపులో ముందెక్కడో పెద్ద చప్పుడైంది. నా ఎదుట బ్రేకుల గాలి ఒత్తిడి చూపే ముల్లు సున్నాకు పడిపోయింది. బ్రేకులు పట్టేసి బండి ఆగింది. తల బయటపెట్టి చూస్తే, మలుపు అవతల దుమ్ము లేస్తోంది. ఇంజన్ కనిపించదు. వాకీటాకీలో ఎన్నిసార్లు పిలిచినా బాబాయి పలకలేదు.

కథలల్లే బుర్రకు దుమ్ము చాలు. వ్యాగన్లు ఒకదాని మీదొకటి ఎక్కాయనుకున్నాను. ఇంజన్ బోల్తా పడిందనుకున్నాను. ఇంటిదగ్గరున్న పిన్నికి ఈ మాట ఏ మొహంతో చెప్పాలో కూడా ఆలోచించేశాను. కాళ్ళు ఇంజన్ వైపు లాగుతున్నాయి.

రూలు అది కాదు. బండి దారిలో ఇలా ఆగి, ముందు ఏమైందో తెలియనప్పుడు, గార్డు మొదట వెనక్కి నడవాలి. నిర్ణీత దూరంలో పట్టాల మీద పటాకాలు బిగించాలి. పొరపాటున వెనక మరో బండి వస్తే, దాని చక్రాల కింద అవి పేలి డ్రైవరును హెచ్చరిస్తాయి. ఆ పని అయ్యాకే ముందుకు పోవడం.

చేతిబ్రేకు బిగించి, ఎర్రజెండా, పటాకాల డబ్బా తీసుకుని దిగాను. అటూ ఇటూ బీడు. పలకరించడానికి మనిషన్నవాడు లేడు. వేసే ప్రతి అడుగూ నన్ను బాబాయికి దూరం చేస్తోంది. కాసేపటికి నోరు విప్పి పైకే అన్నాను: “ప్రభువా, రూలు నన్ను ఇటు పంపింది. బాబాయి అటున్నాడు. నువ్వు అటెళ్ళు.”

ఇంకేం జోడించలేదు. మొదటి పటాకాకున్న రేకు పట్టీని తొందర లేకుండా వంచి పట్టాకు బిగించాను. ఏం జరిగిందో అప్పటికీ నాకు తెలియదు. ఆయన దగ్గర ఉండవలసినవాడు ఉన్నాడని మాత్రం అనిపించింది. మిగతావి కూడా వరసగా బిగించి బండి వైపు తిరిగాను.

బండి పక్కనే నడుస్తూ మలుపు తిరిగితే, రెండు వ్యాగన్ల మధ్య ఊడిన బ్రేకు గొట్టాన్ని అసిస్టెంటు బిగిస్తున్నాడు. చప్పుడూ దుమ్మూ దాన్లోంచి ఎగజిమ్మిన గాలివే. బాబాయి వాకీటాకీ బ్యాటరీ చచ్చిందట. ఇంజన్ దాకా వెళ్తే, దాన్ని వదలకూడదు కాబట్టి ఆయన కిటికీలోంచే నన్ను అందుకున్నాడు.

“ఏటిరా పాస్టరూ, నానిక్కడ సచ్చానో బతికానో సూడకండా అటెల్లిపోయావా?”

“నా బదులు ఇంకొకర్ని పంపాను బాబాయ్.”

“ఎవుడూ రాలేదే,” అన్నాడు. నీళ్ళ సీసా అందించాడు. “తాగు. మొకం సూడు, ఎలా అయిపోయిందో.”

తర్వాత ఆయన రిటైరై పలాస వెళ్ళిపోయాడు. కంటిచూపు పరీక్షలో తప్పి నేనూ ముందుగానే ఉద్యోగం వదిలాను. ఆదివారాలు ఒంటరిగానే తింటున్నాను. దిగులు ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు నా వంతు పని ఏ వైపుందో చూసుకుని అటు నడుస్తాను. రెండో వైపు దేవుడికి అప్పజెబుతాను. ఆ రోజు నా భయం తగ్గింది బాబాయిని చూశాక కాదు, ఆయనకు వీపు పెట్టి నడుస్తున్నప్పుడు. నేను నేర్చుకున్నది అదే.