గోడ మీది సర్టిఫికెట్, మూడో పేజీలో దుకాణం

నాకు చదువు వచ్చింది యాభై దాటాక. అందులోనూ సర్టిఫికెట్ ముందు వచ్చింది, అక్షరాలు తరువాత వచ్చాయి.

రెండువేల ఒకటిలో మోతె దగ్గర మా ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం పెట్టారు. పొద్దుగూకే వేళకు గొర్రెలను దొడ్డికి తోలి, కాళ్ళు కడుక్కుని, పలక పట్టుకుని పోయేవాణ్ణి. నా పేరులో ఉన్న అక్షరాలు నేర్చుకున్నాను. నా పేరులో లేని అక్షరాలతో నాకేం పని అని అక్కడితో ఆగిపోయాను. కేంద్రం మూసేటప్పుడు సూర్యాపేటలో సభ పెట్టి అందరికీ సర్టిఫికెట్లు పంచారు. నాకు చదవడం, రాయడం వచ్చని అందులో ఉందట. ఉందట అని ఎందుకంటున్నానంటే, దాన్ని నేను చదవలేకపోయాను.

సభ అయ్యాక కోదాడలో మా చెల్లె ఇంటికి పోవాలి. అంతకు ముందు బస్టాండులో ఎవరో ఒకరిని “ఏ బస్సు బిడ్డా?” అని అడిగేవాణ్ణి, ఏనాడూ దారి తప్పలేదు. ఆ రోజు చేతిలో సర్టిఫికెట్ ఉంది. చదువుకున్నవాడు అడుగుతాడా? ఒక బోర్డు వైపు కాసేపు గంభీరంగా చూసి ఎక్కి కూర్చున్నాను. కండక్టర్ నా దగ్గరికి వచ్చేసరికి బస్సు ఊరు దాటింది. కోదాడకు ఒక టికెట్ ఇమ్మన్నాను.

“ఇది మిర్యాలగూడ బస్సు పెద్దాయనా. బోర్డు సూడలే?”

చూశానని ఎట్లా చెప్పను? చదవడం రాదని ఎట్లా చెప్పను? “మిర్యాలగూడకే పోవాలె, నోరు జారింది” అని దర్జాగా టికెట్ తీసుకున్నాను. అక్కడ నాకు తెలిసిన ప్రాణి లేదు. తిరుగు బస్సు దాకా చేసేదేం లేక రైస్ మిల్లుల బోర్డులు కూడబలుక్కుంటూ తిరిగాను. నా అసలు బడి అదే. దానికి మాత్రం ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇచ్చినదానికి అద్దం కట్టించి గోడకు కొట్టుకున్నాను.

ఇంత జరిగినవాడికి బుద్ధి రావాలి కదా. రాలేదు.

మా చిన్న బిడ్డ సూర్యాపేటలో డిగ్రీ చేసింది. చదువు అయ్యాక ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంటర్నెట్‌లో తనంతట తాను ఒక విద్య నేర్చుకుంది. దాని పేరు ఎస్ఈఓ. ఎవరైనా ఒక వస్తువు కోసం ఇంటర్నెట్‌లో వెతికితే, మన దుకాణం వెనక పేజీల్లో పడి ఉండకుండా ముందు కనిపించేటట్టు చేయడం. మిర్యాలగూడలో రైస్ మిల్లు సామాన్లు అమ్మే ఒక పటేల్ తన దుకాణానికి ఆ పని చేసి చూపమన్నాడు. వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలర్ల కోసం వెతికినవాళ్ళకు ఆయన దుకాణం కనపడాలి. ఒక నెల చూస్తానన్నాడు. నచ్చితే కొలువు, లేకపోతే లేదు. ఆ కొలువు దొరక్కపోతే పెళ్ళి చేసేద్దామని ఇంట్లో ఆడవాళ్ళంతా కాచుకుని ఉన్నారు. అది బిడ్డకు తెలుసు. ఆ నెలంతా అన్నం కూడా కంప్యూటర్ ముందే తినేది.

“సర్టిఫికెట్ లేకుండ గీ పని ఎవడు నమ్ముతడు బిడ్డా?” అన్నాను.

“నీ సర్టిఫికెట్ నమ్మే గద నాయినా, నువ్వు మిర్యాలగూడల దిగింది.”

ఇంట్లో ఆ కథ అందరికీ తెలుసు. అది నా తప్పే, కల్లు తాగినప్పుడు నేనే చెప్పాను. అయినా పట్టు వదలకుండా కోదాడ పోయి, ఈ విద్య నేర్పుతామని బోర్డు పెట్టిన ఒక సెంటర్‌లో విచారించాను.

“మూడు నెలల్లో సర్టిఫికెట్ గ్యారంటీ అండి బాబాయ్ గారూ” అన్నాడు అక్కడి సారు.

“మరి పని?”

“సర్టిఫికెట్ గ్యారంటీ అండి.”

ఎంత పద్ధతిగా మాట్లాడాడని మురిసిపోతూ ఇంటికి వచ్చాను. బిడ్డ వినలేదు. సరే, నేనే చూసుకుంటాను అనుకున్నాను. అక్కడ మొదలైంది పరేషాన్.

సూర్యాపేటలో ఒక నెట్ సెంటర్ ఉంది. రోజూ పొద్దున అక్కడికి పోయి, ఎప్పుడూ మూలనున్న ఒకే కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. బిడ్డ చేత రాయించుకున్న చీటీ చూసి రోలర్ల మాటలు ఒక్కొక్క వేలుతో కొట్టేవాణ్ణి. మొదట పటేల్ దుకాణం కనపడలేదు. పేజీలు తిప్పి తిప్పి ఎక్కడో అడుగున పట్టుకుని దాని మీద నొక్కేవాణ్ణి. రోజూ అదే పని. పోను పోను అది పైకి రావడం మొదలైంది. ఒకరోజు కొట్టగానే అన్నిటికంటే పైన ఉంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బిడ్డకు చెప్పకుండా నేరుగా పటేల్‌కు ఫోన్ చేశాను.

“పటేలా, నీ దుకాణం దేశంల ఫస్ట్ ఉన్నది. నా కండ్లతోని సూసిన.”

అంగడిలో కూడా చెప్పాను. పొట్టేలు బేరం ఆపి మరీ చెప్పాను.

మరునాడు పటేల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన వెతికితే పైన లేదట, కింద లేదట. తండ్రీబిడ్డలిద్దరినీ రమ్మన్నాడు. ఈసారి బస్సు సరిగ్గానే ఎక్కాం, బిడ్డ పక్కన ఉంది కాబట్టి. నేను సంచిలో గోడ మీది సర్టిఫికెట్ తీసి పెట్టుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. మా ఇంట్లోనూ సర్టిఫికెట్లు ఉన్నాయని చూపిద్దామని కావచ్చు.

పటేల్ కోపంగా ఉన్నాడు. “అబద్ధం ఎందుకు జెప్పినవ్ పెద్దాయనా? నీ బిడ్డకు పని రాదా, నీకు కండ్లు కనవడవా? అసలు ఈ పిల్లకు సర్టిఫికెట్ ఉన్నదా?”

నేను సంచిలోంచి అద్దం కట్టిన సర్టిఫికెట్ బయటికి తీశాను. పటేల్ దాన్ని చదివాడు. మళ్ళీ చదివాడు. “ఇది నీది గద!” అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు.

బిడ్డ అద్దం తీసి మళ్ళీ సంచిలో పెట్టింది. “నాకు సర్టిఫికెట్ లేదు సార్. నాయిన అబద్ధం చెప్పలే. రోజూ ఒక్క కంప్యూటర్ మీదనే వెతికి, మీ దుకాణమే నొక్కిండు. ఈయనకు ఇదే కావాలని ఆ కంప్యూటర్ గుర్తుపెట్టుకుంది. అందుకే ఈయనకు పైన చూపిస్తుంది. వేరేటోళ్ళకు చూపియ్యదు.” తరువాత నా వైపు తిరిగింది. “నువ్వు కూతేస్తే మన మంద రాదా నాయినా? గట్లనే. పరాయోడు పిలిస్తే రావాలె, అప్పుడు లెక్క.”

ముప్పై ఏళ్ళు గొర్రెలు కాసినవాణ్ణి. నా కూతకు నా గొర్రె వస్తే, అది దేశంలో ఫస్ట్ అని అంగడిలో చాటుకున్నాను. సంచి ఒళ్ళో పెట్టుకుని కిందికి చూస్తూ కూర్చున్నాను.

“మరి నిజంగ ఏడున్నది?” అన్నాడు పటేల్.

“మీకు తెలిసినోళ్ళల్ల, మీ దుకాణం ఎన్నడూ వెతకనోళ్ళను అడుగుండ్రి.”

త్రిపురారంలో మిల్లు నడిపే బంధువుకు ఫోన్ చేసి వెతకమన్నాడు. మూడో పేజీలో, అడుగున ఉందని చెప్పాడాయన.

“నేను మొదలుపెట్టినప్పుడు ఏ పేజీలో లేదు సార్” అంది బిడ్డ. “ఇంకా పైకి తేవాలంటే టైం పడతది. ఎంత పడతదో నాకు తెల్వదు. తెలుసని చెప్తే అది అబద్ధం.”

బేరంలో ఎవరైనా అట్లా మాట్లాడతారా? కానీ పటేల్ కుర్చీలో వెనక్కి వాలాడు. అంగడిలో పొట్టేలును కొనేవాడు దాని కాగితం అడగడు, నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. ఆయన చూసింది అదే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడైతే ఏమీ తోచలేదు, దప్పిక అయింది.

“వరికోతలు అయి మిల్లులు మొదలయ్యేదాక చూస్త” అన్నాడు. “కాని ఒక్క షరతు. ఈ పెద్దాయన కంప్యూటర్ ముట్టద్దు.”

ముట్టలేదు. నెట్ సెంటర్ ఉన్న వీధిలో నడవడం కూడా మానేశాను. మధ్యలో బిడ్డ ఇంటర్నెట్‌లోనే ఒక పరీక్ష రాసి సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. ఏమన్నా పనికొచ్చిందా అని అడిగితే, “తెలిసిన పనులకు పేర్లు తెలిసినయ్. ముందే రాస్తే ఎక్కడ మొదలువెట్టాల్నో తెలిసేది, అంతే” అంది. అద్దం కట్టిస్తానన్నాను, వద్దంది. పటేల్ ఈ రోజు దాకా దాన్ని చూపించమని అడగలేదు.

కోతలు అయ్యాక ఒక పొద్దున ఆయన నాకే ఫోన్ చేశాడు. ఎక్కడో కర్ణాటక నుంచి ఎవరో మిల్లు యజమాని ఇంటర్నెట్‌లో దుకాణం చూసి, రోలర్లు కావాలని అడిగాడట. మన భాష కూడా రాదట.

“నిజం చెప్పు పెద్దాయనా, ఇందుల నీ చెయ్యి ఏమన్న ఉన్నదా?”

“లేదు పటేలా, ఒట్టు. నేను ముట్టలే.”

“అయితే రేపటి నుంచి పిల్లను కొలువుకు రమ్మను” అని ఫోన్ పెట్టేశాడు.