బాతుల గుడిసెలో రెండు ఖాళీ గూళ్ళు

నా చిన్నప్పుడు నాకు రబ్బరంటే ప్రాణం. పెన్సిలు మరిచిపోయి బడికి వెళ్ళిన రోజులున్నాయి గాని రబ్బరు మరిచిపోయిన రోజు లేదు. రాసింది చెరపడం, చెరిపిన చోట కాగితం చిరిగితే ఆ పేజీ మొత్తం చించి మళ్ళీ మొదలుపెట్టడం, ఇదీ నా చదువు. మా ఇల్లు అలాంటిది. నూటికి తొంభై ఎనిమిది వచ్చాయని ఎగురుకుంటూ వస్తే, "ఆ రెండూ ఎక్కడ పోయాయమ్మా?" అని మా నాన్న ఎంతో ప్రేమగా అడిగేవారు. తిట్టేవారు కాదు, కొట్టడం అసలే లేదు. ఆ ప్రేమగా అడగడమే నా ప్రాణం తీసేది. పదకొండేళ్ళకల్లా క్లాసులో చెయ్యెత్తడం మానేశాను. జవాబు తెలిసినా సరే, తప్పయితే ఎలాగని భయం.

మేం అమెరికాలో, ఇల్లినాయి రాష్ట్రంలో ఒక నది ఒడ్డున చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. డెబ్భయ్యో దశకం చివరి రోజులు. ఇప్పుడు అదే రాష్ట్రంలో అరోరా పట్నం వెళ్తే షాపులో పచ్చిమిరపకాయలు ఏరుతున్న నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళే. అప్పట్లో మా ఊళ్ళో తెలుగు మాట వినాలంటే మా వంటింట్లోకి రావాల్సిందే. మా నాన్న యంత్రాల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవారు. పుట్టి పెరిగింది కొల్లేరు పక్కన, అందుకని బాతు మాట ఎత్తితే చాలు ఆయనకి నోరూరేది.

పక్కింట్లో ఒక పెద్దాయన, ఆయన నల్ల కుక్క ఉండేవారు. ఎదురుగా అంకుల్ అనేదాన్ని గాని, మా ఇంట్లో ఆయన పేరు పక్కింటి తాతయ్యే. నది మీద సరుకు మోసే పెద్ద పడవల్ని రిపేరు చేసి రిటైరయిన మనిషి. ఏటా ఆకులు రాలే కాలం రాగానే ఛాతీ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, తుంగలో నీళ్ళ మధ్య గంటలకొద్దీ నిలబడి బాతుల్ని వేటాడేవాడు, పడిన బాతుని కుక్క ఈది పట్టుకొచ్చేది. ఆ ఏడాది వేసవిలో డాక్టరు ఆయన రెండు మోకాళ్ళూ చూసి, ఇక చల్లటి నీళ్ళలో నిలబడితే నడక కూడా ఉండదని ఖరాఖండిగా చెప్పేశాడు. కంచె మీదుగా మాకు టమాటాలు అందిస్తూ, వేట సీజన్లోపు వేరే దారి దొరక్కపోతే కుక్కని దూరంగా ఉన్న మేనల్లుడికి ఇచ్చేస్తానని తాతయ్య చెప్పాడు. నీళ్ళలో దూకని వేటకుక్కని ఇంట్లో కట్టేయడం పాపమన్నాడు. వాతావరణం గురించి మాట్లాడినంత తేలిగ్గా అన్నాడు గాని చెయ్యి మాత్రం కుక్క తల మీదనుంచి తియ్యలేదు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఆ ఊళ్ళో నాకున్న స్నేహితుల్లో ఆ కుక్కే ముఖ్యం.

మా నాన్న రెండు రోజులు ఆలోచించి, నీళ్ళలో నిలబడలేనప్పుడు నీళ్ళ మీద కూర్చుంటే సరిపోతుంది కదా అన్నారు. తేలే గుడిసె ఒకటి కట్టి, చుట్టూ తుంగ కప్పి, లోపల బెంచీ వేసుకోవడం. అలాంటిది ఉంటుందని తాతయ్యకి తెలుసు, దాన్ని బ్లైండ్ అంటారని మాకు చెప్పింది ఆయనే. సొంతంగా ఒకటి కట్టుకోవాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదట. ఆ సాయంత్రమే మా డైనింగ్ టేబుల్ మీద గ్రాఫ్ పేపరు పరుచుకుంది.

మా నాన్న గీసిన మొదటి బొమ్మకి కిటికీలున్నాయి, తూర్పు వాకిలి ఉంది. పెళ్ళిచూపులు పెట్టుకోవచ్చు అందులో. తాతయ్య కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి గాలి మన వీపుకి తగలాలని, అక్కడి గాలి వాయవ్యం నుంచి వస్తుంది గనక తెరిచిన వైపు ఆగ్నేయానికి ఉండాలని చెప్పాడు. కాఫీ కాచుకునే చిన్న గ్యాస్ స్టవ్ కూడా ఆ మూలకే అన్నాడు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఆగ్నేయంలో పొయ్యా? ఆయనకి వాస్తు ఎవరు చెప్పారండీ!" అని మురిసిపోయింది. ఆ క్షణం నుంచి ఆ గుడిసె మా అమ్మ దృష్టిలో ఇల్లయిపోయింది.

ఎన్ని డ్రమ్ములు కట్టాలన్న లెక్క తాతయ్య నాకు అప్పగించాడు. మొక్కజొన్న సిరప్ పోసే ఖాళీ ఇనప డ్రమ్ములు ఆయన దగ్గరున్నాయి, ఒక్కో డ్రమ్ము ఎంత బరువు మోస్తుందో చెప్పాడు. దూలాలు, ప్లైవుడ్, కోళ్ళవల, తడిసిన తుంగ, అన్నిటి బరువులూ రాయించాడు. మామూలుగా ఇద్దరు ముగ్గురే కూర్చుంటారు గాని, మొదటి రోజు ఆయనతో పడవల పని చేసిన పాత స్నేహితులు ఇద్దరు, మేం ముగ్గురం కూడా ఎక్కుతాం కాబట్టి ఆరుగురికి వెయ్యమన్నాడు. మనిషి బరువు ఎంతని మా నాన్నని అడిగితే, గడ్డం గీసుకుంటూ డెబ్బై అన్నారు. రాసుకున్నాను. అన్నీ కలిపి మొత్తం వేశాను. ఆరు డ్రమ్ములని తేలింది. మా నాన్న గుణకారాలన్నీ సరిచూసి, ఆఫీసులో డ్రాయింగు కింద పెట్టినట్టే సంతకం పెట్టారు. ఒక్క చెరుపుడు లేకుండా ఫెయిర్ కాపీ రాసి తాతయ్యకి ఇచ్చాను. జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ లేను.

తర్వాత నెలంతా పండగే. తాతయ్య షెడ్డు ముందు దూలాలు కోసి చట్రం బిగించాం. గోడలకి కోళ్ళవల కొట్టి, అందులో తుంగ దూర్చాం. మా అమ్మ తుంగని పాయలు తీసి జడలల్లినట్టు అల్లేసేది, తాతయ్య అది చూసి ఆ గోడ తను కూర్చునే వైపు పెట్టించుకున్నాడు. కుక్క ఎక్కి దిగడానికి పక్కన ఏటవాలు పలక పెట్టాం. ఒక్క విషయమే నాకు నచ్చలేదు. చట్రం కింద డ్రమ్ములు దూర్చే గూళ్ళు ఆరు కాకుండా ఎనిమిది చేశాడు. అటు మధ్యలో ఒకటి, ఇటు మధ్యలో ఒకటి ఖాళీగా ఉన్నాయి. నా లెక్క చూపించి, అవి దండగ అన్నాను. గాలి ఆడాలిగా కిడ్డో, అని నవ్వేసి సుత్తి అందుకున్నాడు. పిల్లా అన్నట్టు నన్నెప్పుడూ కిడ్డో అనేవాడు. నీళ్ళకింద గాలేమిటో నాకు అర్థం కాలేదు.

సెప్టెంబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం గుడిసెని ట్రైలరు మీద నదికి తీసుకెళ్ళాం. పైకప్పుంది, వాకిలుంది, పొయ్యి ఉంది, మరి పాలు పొంగించకుండా లోపల కాలు పెట్టడమేమిటని మా అమ్మ గిన్నెతో సహా తయారైంది. గుమ్మానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. బాతులకి కనిపించకూడదని నెలరోజులు మట్టిరంగు పూసిన గుమ్మం అది! తాతయ్య టోపీ తీసి నిలబడ్డాడు. బొట్లన్నీ అయ్యాక ఒక తుంగకట్ట తెచ్చి, పసుపు చెదరకుండా దాని ముందు మెల్లగా కట్టాడు.

గుడిసె నీళ్ళలోకి జారి తేలింది. అందరం చప్పట్లు కొట్టాం. ఒక్కొక్కరం ఎక్కాం. తాతయ్య స్నేహితులు ఒక్కొక్కరూ మా నాన్నకి ఒకటిన్నర ఉంటారు. అమ్మ స్టవ్ వెలిగించి పాలు పెట్టింది. పాలు పైకి లేస్తుంటే ఆ వింత చూడాలని అందరం ఆగ్నేయ మూలకి వంగాం, కుక్కతో సహా. అంతే, ఆ మూల కిందికి దిగిపోయింది. గుడిసె నేల మీదికి నీళ్ళొచ్చేశాయి. మా అమ్మ చీర కుచ్చిళ్ళు తడిసిపోతున్నా గిన్నె వదల్లేదు, "పొంగాయి, పొంగాయి! తూర్పుకే పొంగాయి!" అని కేకలు. మా నాన్న నడుంలోతు నీళ్ళలో పడ్డారు. కుక్క ఆనందంగా ఆయన వెంటే దూకింది. అందరూ నవ్వుతూ ఒడ్డుకి చేరారు.

నేను తప్ప. నేను కారు వెనక సీట్లో దూరి నోట్‌బుక్ తెరిచాను. మనిషికి డెబ్బై. పైన దూలాలన్నీ పౌన్లు, కింద మనుషులు మాత్రం కిలోలు. కిలో అంటే రెండు పౌన్ల పైమాటే. బయట పౌన్లలోను, ఇంట్లో కిలోల్లోను బతికే మాలాంటి ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగని తప్పు. ఆరుగురు పెద్దమనుషుల్ని ఆరుగురు చిన్నపిల్లల్లా తూచి పారేశాను. మా నాన్న సరిచూసినప్పుడు కూడా డెబ్బై ఆయన కంటికి సొంత బరువులా కనబడింది గాని తప్పులా కనబడలేదు. సీజనుకి మూడు వారాలే ఉంది. నావల్ల గుడిసె పోయింది, కుక్క వెళ్ళిపోతుంది అనుకున్నాను. పేజీ చించి ఉండ చుట్టి ఏడ్చాను.

తాతయ్య కారు దగ్గరికి వచ్చాడు. ఓదారుస్తాడనుకున్నాను. ఓదార్చలేదు. బోల్టులు బిగించాలి, మోకాళ్ళు వంగట్లేదు, నీ చేతులు కావాలి రా అన్నాడు. ఆయన ట్రక్కు వెనక టార్పాలిన్ కింద రెండు డ్రమ్ములున్నాయి. మట్టిరంగు పూసి, ఎండి, సిద్ధంగా. గుడిసెని మళ్ళీ ట్రైలరు మీదికి లాగి, ఖాళీ గూళ్ళలో ఒక్కో డ్రమ్ము దూర్చాం. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. గంటలో గుడిసె మళ్ళీ నీళ్ళ మీద ఉంది, అందరం మళ్ళీ ఎక్కాం, ఆ మూలకే వంగి చూశాం. కదల్లేదు. మా నాన్న పంట్లాం పిండుకుంటూ, "నేను కిలోల్లో చెప్పానే!" అని అప్పటికి గ్రహించి పగలబడి నవ్వారు. తన సంతకం ఉన్న లెక్క తప్పయితే మా నాన్న నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

నాకు మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. నా తప్పు ముందే కనిపెట్టి, నన్ను నొప్పించడం ఇష్టం లేక దాచారా అని తాతయ్యని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేనిచ్చిన ఫెయిర్ కాపీలో చివరి ఆరు అన్న అంకె తప్ప, పైన లెక్క అసలు చూడనే లేదట. నలభై ఏళ్ళు పడవలు బాగుచేసిన మనిషి, ఏది కట్టినా రెండు గూళ్ళు ఎక్కువ పెట్టుకోవడం అలవాటట.

"అవి నా తప్పుల కోసం పెట్టుకున్నవి, కిడ్డో. ఈసారి నీకు పనికొచ్చాయి," అన్నాడు.

ఆ సీజన్ మొదటి రోజు తెల్లవారుతుండగా ఆ గుడిసెలో బెంచీ మీద, తాతయ్యకి, కుక్కకి మధ్య నేను కూర్చున్నాను. నీళ్ళ మీద పొగమంచు, తుంగలోంచి పసుపు వాసన. బాతులు గాలికి ఎదురుగా, ఆయన చెప్పినట్టే, మా ముందుకి దిగాయి. సాయంత్రం మా అమ్మ అల్లం వెల్లుల్లి నూరి బాతు ఇగురు చేసింది. తాతయ్య ఆ కారానికి కన్నీళ్ళు, చెమటలు కారుస్తూ మూడుసార్లు వడ్డించుకున్నాడు. కుక్క ఇంకో ఏడేళ్ళు మా పక్కింట్లోనే ఉంది.

ఆ తర్వాత ఒకసారి లెక్కల్లో తొంభై ఆరు తెచ్చుకున్నాను. మా నాన్న అలవాటుగా, ఆ నాలుగూ ఎక్కడ అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, సరేలే గూట్లో పెట్టుకుందాం అన్నారు. ఆ రోజు ఎంత తేలికపడ్డానో ఇప్పటికీ గుర్తు. మర్నాడు క్లాసులో చెయ్యెత్తాను. జవాబు తప్పే చెప్పాను. ఏమీ మునగలేదు.

ముప్ఫయ్యేళ్ళకు పైగా ఈ దేశంలోనే బడిలో లెక్కలు చెబుతున్నాను. నా ప్రతి పరీక్ష పేపరు చివర రెండు ఖాళీ గళ్ళుంటాయి. తప్పు చేసిన లెక్క ఏదైనా అక్కడ మళ్ళీ చేసి చూపిస్తే పూర్తి మార్కులు. ఆ గళ్ళు మా కోసమే పెట్టారు, మా టీచరు మంచిదని పిల్లలు చెప్పుకుంటారు. నేనిచ్చిన ప్రశ్నే తప్పయిన రోజున, వాళ్ళ ముందే బోర్డు మీద నేనూ రెండు గళ్ళు గీసుకుంటాను. అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి, అవి ముందుగా ఎవరి కోసం పెట్టుకున్నానో.