ముప్పై ఎనిమిది మంది అవ్వలు, ఒకే మెక్సికో

నవంబరు 9, ఆదివారం. మా కాలేజీ స్నేహితురాళ్ల గ్రూపులో నిన్న ఒకామె "మెక్సికో పాఠం" గురించి రాసింది... నాలుగు తప్పులతో. మిగతావాళ్లు నవ్వు బొమ్మలు పెట్టారే గాని ఒక్కరూ సరిదిద్దలేదు. అందుకని రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... అంటే నేను మహబూబ్‌నగర్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం చదివే రోజుల్లో... మా ఇంగ్లీషు మేడం పరీక్ష పేపర్ల కట్టతో క్లాసులోకి వచ్చారు. గుంటూరు వైపు మనిషి, కోపం తక్కువ. కళ్లజోడు తీసి చాలా మర్యాదగా అడిగారు.

"మీ అందరి నాయనమ్మలూ మెక్సికో నుంచే వచ్చారామ్మా?"

సంగతేమిటంటే... మాకు ఒక కథ పాఠంగా ఉండేది. మెక్సికో నుంచి అమెరికాకు వచ్చిన కుటుంబంలో ఒక పదిహేనేళ్ల పిల్ల. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. తన పేరు టీచర్లకు నోరు తిరగదని బడిలో పొట్టి పేరు పెడతారు. నాయనమ్మ కట్టిచ్చిన మక్కరొట్టెలు ఎవరైనా చూస్తారని సంచిలో దాచుకుంటుంది. నేనెవరిని అని ఆ పిల్ల పదమూడు పేజీల పాటు మథనపడుతుంది.

మేము మథనపడలేదు. గైడు కొన్నాం. అందులో జవాబు ఆ పిల్లే చెబుతున్నట్టు ఉంటుంది... "మా నాయనమ్మ మెక్సికో నుంచి నది దాటి వచ్చింది" అని మొదలవుతుంది. చదివి చదివి బట్టీ పట్టాం.

పరీక్షలో మేడం ప్రశ్న మార్చారు. "ఆ అమ్మాయిలాగే నీ గురించి, మీ నాయనమ్మ గురించి ఒక పేజీ రాయి" అన్నారు. క్లాసులో నలభై ఒక్క మంది. ముప్పై ఎనిమిది మంది నాయనమ్మలు మెక్సికో నుంచి నది దాటారు. తక్కిన ముగ్గురు ఆ రోజు పరీక్షకు రాలేదు.

"షహనాజ్, నువ్వు చెప్పు" అన్నారు మేడం. షహనాజ్ నా పక్కన కూర్చునే దర్జీ గారి అమ్మాయి. లేచి నిలబడి, "మా దాదీ కూడ మెక్సికోనే మేడం... గని ఇప్పుడు జడ్చర్లల ఉంటది" అంది.

మేడం పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత ఆ ప్రశ్నకు అందరికీ సున్నా వేశానన్నారు. రేపు క్లాసులోనే, గైడు లేకుండా, మళ్లీ రాయాలి. పదిహేను మార్కులు.

నాకు నవ్వు రాలేదు. అప్పటికి వచ్చినవి ఇరవై ఐదు. పాసు ముప్పై ఐదు. పదిహేనుకు పది రావాలి. మాది నేత ఇల్లు. "ఒక్క పేపరు పోయినా కాలేజి బందు. మగ్గం ఉన్నది, నువ్వున్నవ్" అని బాపు ముందే చెప్పాడు. బాపు రెండోసారి చెప్పే మనిషి కాదు.

సాయంత్రం బాపు మగ్గం మీద ఉన్నాడు. అవ్వ, అంటే మా నాయనమ్మ, రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నోట్‌బుక్ పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు ఏడికెల్లి వచ్చినవ్?"

"పంపు కాడికెల్లి. ఎందుకే?"

"గది కాదు. పుట్టింది ఏడ?"

"కట్టంగూర్ల. పెండ్లయినంక బండి మీద తోలుకొచ్చిండ్రు."

"నది దాటినవా?" అన్నాను, కొంచెం ఆశగా.

"దిండి వాగు దాటినం. నీళ్లు లెవ్వు. ఇసుకల బండి దిగబడితె మీ తాత దిగి నూకిండు. గంత సేపు నూకిండు గని నా మొకం దిక్కు చూడలె."

అంతా రాసుకున్నాను. "పేరు రాములమ్మ" అని కూడా రాసి, అలవాటు కొద్దీ పైకి చదివాను. అవ్వ చేతిలో రాట్నం ఆగింది.

"గది మా అత్త పెట్టిన పేరు" అంది.

"మరి నీ పేరు?"

"అండాలు. మా అత్త పేరు గూడ అండాలే. కోడల్ని పిలిస్తె అత్తను పేరు పెట్టి పిలిచినట్టయితదని, వచ్చిన దినమే మార్చిండ్రు."

"నిన్ను అడిగిండ్రా?"

"బర్రెను అడిగి పేరు పెడ్తరా?" అని నవ్వింది. మళ్లీ రాట్నం తిప్పింది.

కానీ మగ్గం చప్పుడు కూడా ఆగిపోయిందని అప్పుడు గమనించాను. "గీ ముచ్చట నాకెప్పుడు చెప్పలేదేందే అమ్మా?" అన్నాడు బాపు.

"నువ్వెప్పుడన్న అడిగినవా రా?"

మర్నాడు క్లాసులో అదే రాశాను... బండి, ఇసుక, రెండు పేర్లు. నా ఇంగ్లీషులో తాత బండిని నూకాడో, బండి తాతను నూకిందో తేలలేదని మేడం ఎర్ర సిరాతో రాశారు. పదిహేనుకు తొమ్మిది వేశారు. మొత్తం ముప్పై నాలుగు.

ఏడవలేదు. పేపరు మొదటి నుంచి కూడుకుంటూ వచ్చాను. మూడో ప్రశ్నకు వేసిన ఒక మార్కును మేడం కలపడం మరిచారు. తీసుకెళ్లి చూపించాను. రెండుసార్లు కూడి, ముప్పై ఐదు చేశారు.

ఆ కాగితం బాపు చేతికిచ్చాను. మార్కులు చూసి, వాకిట్లోకి వెళ్లి, పక్కింటికి కూడా వినపడేలా అన్నాడు... "అండాలమ్మ మన్మరాలు ఇంగ్లీషుల పాసయింది."

"తల్లిని పేరు పెట్టి పిలుస్తర్రా, సిగ్గులేనోడా" అంటూ అవ్వ లోపలి నుంచి ఖాళీ కండె విసిరింది. అది బాపుకు తగల్లేదు. తగలాలని విసరలేదు కూడా.

ఇప్పుడు ఆడపిల్లల పేర్లు ఎవరూ మార్చడం లేదు... సంతోషం. కానీ అడిగేవాళ్లూ లేరు. నా మనవరాలి ఫోనులో నా పేరు "అమ్మమ్మ కొత్త నంబర్".

ఇక జరగవలసినవి:

1. ఇది చదివినవాళ్లు మీ అవ్వ అసలు పేరు కనుక్కుని కింద రాయాలి. ఇంటిపేరు కాదు, ఆమె పేరు.

2. "తెలియదు" అని రాసేవాళ్లు ముందు మేనత్తకు ఫోన్ చేసి, తర్వాత రాయాలి. రేషన్ కార్డులో పేరు చెల్లదు.

3. మా ఇంట్లో అవ్వ ఫోటో కింద ఇప్పటికీ "రాములమ్మ" అనే ఉంది. రేపు ఫ్రేముల దుకాణానికి తీసుకెళ్లి మార్పించాలి. అది నా పని... ఇన్నేళ్లూ ఆలస్యం చేసింది కూడా నేనే.