పదో అగ్గిపెట్టె

మా మేనత్త పోయిందన్న కబురు నాకు కాలేజీలో ప్రాక్టికల్ క్లాసు మధ్యలో అందింది. ఒక అమ్మాయికి మైక్రోస్కోపు సరిచేసి చూపిస్తుంటే ఫోను మోగింది. జంషెడ్‌పూర్ గోల్‌మురి నుంచి బావ, అత్త కొడుకు. ఎప్పుడూ హిందీలోనే మొదలుపెట్టే మనిషి ఆ రోజు తెలుగులో మాట్లాడాడు.

"అమ్మ నేదే. సుబే చాయ్ పెడతా పెడతా కూలబడిపోనాది. హాస్పిటల్‌కి తీసికెల్లేలోపే అయిపోనాది."

"వస్తున్నాను" అన్నాను. క్లాసు అక్కడితో ఆపేసి బయల్దేరాను. రాంచీలో బస్సెక్కి జంషెడ్‌పూర్ చేరేదాకా కిటికీ బయటే చూస్తూ కూర్చున్నాను. ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు.

అత్త శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి ఈ ఊరొచ్చింది. మావయ్య రేకుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనిచేసి, బావ చిన్నతనంలోనే పోయాడు. ఆ తర్వాత ఆమె ఒక బడిలో ఆయాగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. సంతకం చేసేది కానీ చదవడం రాదు. రైల్వేలో ఉన్న మా నాన్నకు ఈ ఊరి టాటానగర్ స్టేషన్ నుంచి ఖరగ్‌పూర్ బదిలీ అయినప్పుడు నేను పీహెచ్‌డీలో చేరి ఆరు నెలలైంది. నన్ను అత్త ఇంట్లో వదిలిపెడుతూ నాన్న ఒకటే షరతు పెట్టారు. చెరువుల వెంట ఒక్కదాన్నే తిరగకూడదు. అలా అత్త నా పరిశోధనలోకి వచ్చింది.

నా పని తూనీగల మీద. ఎండాకాలాలు ముదిరి చెరువులు తొందరగా ఇంకిపోతుంటే, తూనీగలు నీళ్లలోంచి బయటికొచ్చే కాలం మారుతోందా అన్నది చూడాలి.

"తూనీగల మీద అన్నేళ్ల సదువేటే కోడలా? లెక్కెట్టేలోగా ఎగిరిపోవా అయి?" అంది అత్త మొదటిరోజు.

ఎగిరేవాటిని లెక్కపెట్టనని చెప్పాను. ఎగిరేది ఎక్కణ్ణుంచైనా రావచ్చు. తూనీగ పిల్ల నెలల తరబడి నీళ్లలోనే బతుకుతుంది. ఆఖరికి ఒక గడ్డిపరక పట్టుకుని పైకొచ్చి, వీపు దగ్గర చిట్లి, రెక్కలతో బయటపడుతుంది. ఒంటి పొర మాత్రం ఆ పరకకే అంటుకుని ఉండిపోతుంది. అది దొరికితే ఆ తూనీగ ఈ నీళ్లలోనే పెరిగిందని రుజువు.

"పాము కుబుసం లాగ."

"అలాగే అత్తా."

"మరి ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా" అని చీర కుచ్చెళ్లు ఎగదోపింది.

బిర్సానగర్ వెనక పల్లంలో ఉన్న చెరువును ఎంచుకున్నాను. గట్టు పొడవునా పది ముక్కలు కొలిచి కర్రలు పాతాను. వారానికోసారి పొద్దున్నే ఆటోలో వెళ్లేవాళ్లం. అత్త ఖాళీ సిమెంటు సంచీ పరుచుకుని కూర్చుని, నన్ను చూస్తూ మరమరాలు తినేది. పొట్లం కాగితాన్ని చిన్నగా మడిచి బొడ్లో దోపుకునేది తప్ప గట్టు మీద పడెయ్యదు. ఆటోవాళ్లతో ఆమె హిందీ ఒక వింత. మగవాళ్లనీ ఆడవాళ్లనీ ఒకే గాటన కట్టేది. "భయ్యా, తుమ్ కిదర్ జాతీ హై?" అని, ఎటెళ్తున్నావని ఆడమనిషిని అడిగినట్టు అడిగితే వాళ్లు నవ్వి మరీ ఎక్కించుకునేవారు. రెండేళ్లలో ఆమె నా పెట్టెలు మోసింది, గొడుగు పట్టింది. లెక్క మాత్రం నేనే చూశాను.

మూడో ఏడు వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. పొరలు ఎక్కువగా దొరికే రోజులవి. లేచి నిలబడలేని స్థితిలో, ఈ వారం పోయిందని ఏడ్చాను. అత్త మర్నాడు పొద్దున్న నాకు గంజి ఇచ్చి ఎటో వెళ్లి, మధ్యాహ్నానికి మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. కొంగు విప్పి మంచం మీద అగ్గిపెట్టెలు పెట్టింది. ఒక్కోదాని మీద బొగ్గుతో గీతలు. ఒక గీత, రెండు గీతలు, అలా గట్టు ముక్కల వరసలో. లోపల దూది మీద కుబుసాలు, ఒక్క కాలైనా విరగకుండా.

ఆరు గీతల పెట్టె తెరిస్తే ఏమీ లేదు.

"ఇది ఖాళీగా ఉందేం అత్తా?"

"ఆ కాడ మొత్తం సూసినాను. ఒక్కటీ నేదు. నేదని నీకు తెలియాల కదా."

లెక్కపెట్టాను. పెట్టెలు తొమ్మిదే ఉన్నాయి. "పదోది ఏది?"

"అటేపు నీల్లొచ్చేసినాయే. ఎల్నేపోనాను. సూడందానికి పెట్టెందుకు?"

చూసి ఏమీ లేకపోవడం వేరు, అసలు చూడకపోవడం వేరు. మొదటి ఏడాది నేనే ఈ రెంటినీ కలిపేసి, మా గైడ్ మేడం చేత చీవాట్లు తిన్నాను. అత్తకు ఎవరూ చెప్పలేదు.

అలా మూడు వారాలు ఆమె ఒక్కతే వెళ్లింది. జ్వరం తగ్గాక ఆ లెక్కలు నోటుబుక్కులో ఎక్కిస్తూ, చూసినవారి పేరు రాసే గడిలో నా పేరు రాసుకున్నాను. అత్త పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఏం రాస్తున్నావని అడిగితే చెప్పేశాను.

"నువ్వు ఎల్నేదు కదే."

"శిక్షణ లేనివాళ్లు చేసిందంటే మేడం ఒప్పుకోరు అత్తా."

"ఒప్పుకోకపోతే మానేత్తాది. మంచం మీద పడుకున్నదానివి, ఎల్లినట్టెందుకు రాత్తావు?"

కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. ఆ పేజీ కొట్టేసి మేడం దగ్గరికి వెళ్లి ఉన్నది చెప్పాను. ఆవిడ, అయితే పరీక్ష పెడదామన్నారు. మరుసటి వారం మేడమే చెరువుకొచ్చారు. ఒకే గట్టు ముక్కను ముందు నేను, తర్వాత అత్త, దేన్నీ కదపకుండా, ఒకరి లెక్క ఒకరికి చెప్పకుండా చూడాలి. నేను పదకొండు చెప్పాను. అత్త బురదలో చతికిలబడి, ఆకుల అడుగున, గడ్డి మొదళ్లలో, బట్టలుతికే రాయి నెర్రెల్లో వేలు పెట్టి చూపిస్తూ ఇరవై ఆరు లెక్కపెట్టింది. మేడం ఒక్కొక్కటీ వంగి చూశారు. అన్నీ నిజమే.

అత్త లెక్క నిలిచింది, నా రెండేళ్ల లెక్క కూలిపోయింది. నేను నిలబడి, నడుము వంచి, పైపైన కనిపించేవే ఏరుకున్నాను. మళ్లీ చెయ్యక తప్పదన్నారు మేడం. స్కాలర్‌షిప్పు గడువు ఆ ఏటితో సరి. ఆటోలో ఇంటికొస్తూ నేను అత్తతో మాట్లాడలేదు. గోల్‌మురి బజారు దగ్గర దిగాక ఆమె మెల్లగా, "నాను తక్కువ సెప్పాల్సిందేటే?" అని అడిగింది. కాదనడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ మరుసటి ఏడాదంతా స్కాలర్‌షిప్పు లేకుండానే ఇద్దరం బురదలో కూర్చునే వెతికాం. ఆ లెక్కలతోనే నా థీసిస్ పూర్తయింది.

ఇక ఇది రాయకుండా ఉంటే ఈ స్మృతి అబద్ధమవుతుంది. థీసిస్‌లో అత్త పేరు లేదు. ల్యాబులో కొందరు 'బువా మెథడ్', అంటే మేనత్త పద్ధతి, అని నవ్వేవారు. పరీక్షకులు కూడా నవ్వుతారేమోనని భయపడ్డాను. అందుకే పేరు తీసి, 'ఒక ఫీల్డ్ సహాయకురాలు' అని ఇంగ్లీషులో ఒక్క మాట రాశాను. బైండు చేసిన పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు అత్త చేతులు తుడుచుకుని, ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పింది.

"ఇందులో నాను ఏ కాడున్నాను?"

నేను ఆ మాట చూపించాను. దాని మీద వేలు ఆనించి, "ఇది నా పేరేనా?" అంది.

అవునన్నాను.

ఈ అబద్ధం ఇన్నేళ్లూ నా దగ్గరే ఉందనుకున్నాను. పదో రోజు కార్యక్రమాలయ్యాక బావతో కూర్చుని, జరిగింది చెప్పేశాను. బావ తలెత్తలేదు.

"అమ్మకు తెలుసే. నువ్వు రాంచీ ఎల్లినాక నాచేత సదివించుకున్నాది. నేను సదివి, నీ పేరు నేదమ్మా, హెల్పర్ అని ఉంది అని చెప్పాను."

"ఏమంది?"

"సాయానికే కదరా ఎల్లినాను, తప్పేటి రాసినాది అంది. మల్లీ ఆ మాట ఎత్తనేదు. నీతో అనొద్దంది."

ఆ తర్వాత ఎన్ని సెలవులకు వెళ్లానో, ఎన్నిసార్లు ఆమె చేతి అన్నం తిన్నానో. ఒక్కసారైనా తెలుసన్న జాడ ఆమె ముఖంలో నాకు కనిపించలేదు. కనిపిస్తే క్షమించమని అడిగేదాన్నేమో. ఇప్పుడా అవకాశం లేదు. ఆ లెక్కలతో ఒక పరిశోధనా వ్యాసం సిద్ధం చేస్తున్నాను. అందులో నా పేరు పక్కన ఆమె పూర్తి పేరు రాశాను. దానివల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదని తెలుసు. ఇక్కడ మాత్రం అత్త అనే రాసుకుంటున్నాను, నేను ఆమెను పిలిచింది అలాగే కనుక.

తిరిగి వచ్చేముందు ఒక్కదాన్నే చెరువుకు వెళ్లాను. అవతలి రేవులో నలుగురు సంతాలీ ఆడవాళ్లు బట్టలుతుకుతున్నారు. ఒకామె నన్ను గుర్తుపట్టి, ఈసారి మౌసీ, అదే మా అత్త, రాలేదేమని హిందీలో అడిగింది. ఇక రాదని చెప్పాను. ఎత్తిన బట్ట ఎత్తినట్టే ఆమె చేతిలో ఆగిపోయింది. పక్కామెకు వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు నలుగురూ చేతులాపారు. వాళ్ల మోచేతుల నుంచి కారే నీళ్ల చప్పుడు ఈ గట్టు దాకా వినిపించింది.